మీ పరిసరాల్లో ఇక ఎవరూ లేరు

ఈ మధ్య చిన్న పట్టణాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో మూడింటిని ఈసారి ఒకచోట చేర్చాను. మూడింటిలోనూ ఫోనులో పరిచయమైన మనుషుల సంగతే ఉంది. రాసినవారు కోరిన ప్రకారం పేర్లు, గుర్తుపట్టడానికి వీలిచ్చే కొన్ని వివరాలు తొలగించి, ఉత్తరాలను కుదించాం.

ప్రశ్న: మేడమ్! నా వయసు 28. ఎంసీఏ చదివి హైదరాబాద్‌లో నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. నాన్నగారికి పక్షవాతం రావడంతో ఏడాదిన్నరగా బొబ్బిలిలో మా ఇంట్లోనే ఉంటూ, ఇక్కడి నుంచే ఆఫీసు పని చేసుకుంటున్నాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు గాని ఏదీ కుదరడం లేదు. హైదరాబాద్‌లో వాడిన డేటింగ్ యాప్‌ను ఇక్కడ మళ్లీ తెరిస్తే, పది రోజుల్లోనే ‘మీ పరిసరాల్లో ఇక ఎవరూ లేరు’ అని చెప్పేసింది. కనిపించిన కొద్దిమందిలో ఒకాయన మా అన్నయ్యతో చదువుకున్నాడు, బజార్లో ఎరువుల కొట్టు నడుపుతున్నాడు. మర్నాడు నేను మందుల కోసం అటు వెళ్తుంటే కొట్లోంచి ఆయన నవ్విన తీరు చూసి, ఇంటికి రాగానే యాప్ తీసేశాను. వారం తిరగకుండా మళ్లీ పెట్టుకుని దూరం పెంచితే విశాఖపట్నంలో ఒకతను పరిచయమయ్యాడు. పోర్టులో ఉద్యోగమన్నాడు. రెండు నెలలుగా మాట్లాడుకుంటున్నాం, మర్యాదగా మాట్లాడతాడు. ఇప్పుడు వైజాగ్ వచ్చి కలవమంటున్నాడు. అమ్మకు ఏమని చెప్పి వెళ్లాలి? ఊళ్లో తెలిస్తే చెల్లికి సంబంధాలు రావేమోనని భయంగా ఉంది. అసలు నేను చేస్తున్నది తప్పా?

జవాబు: చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. తప్పు కాదు. మీకోసం పెళ్లిళ్ల పేరయ్యలు చేస్తున్న పనిలో కొంత భాగాన్ని మీరే చేతిలోకి తీసుకున్నారు, అంతే.

ఎరువుల కొట్టాయన మిమ్మల్ని చూడగలిగాడంటే ఆయన కూడా ఆ యాప్‌లో ఉన్నాడన్నమాట. అయితే ఈ మాటతో మీ భయం పోతుందని నేను అనుకోవడం లేదు. ఒకే చోట ఇద్దరూ కనిపించినా, ఊరి నోట్లో నలిగేది ఆడపిల్ల పేరే అన్నది మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి ధైర్యవచనాల కన్నా, ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే మీకు ఎక్కువ ఉపయోగం.

2012లో అమెరికాలో మొదలైన టిండర్ అనే డేటింగ్ యాప్ తొలి రోజుల్లో వ్యాపించింది విశ్వవిద్యాలయాల విద్యార్థుల మధ్య. ఒకరిని పక్కకు తోసేస్తే వెంటనే ఇంకొకరు కనిపిస్తారన్న నమ్మకం మీద కట్టిన అమరిక అది. వేలాదిమంది ఒకే వయసువారు రెండు మూడు వీధుల్లో ఉండే చోట ఆ నమ్మకం చెల్లుతుంది. బొబ్బిలి పట్టణ జనాభా 2011 లెక్కల్లో 60 వేల లోపే. అందులో మగవారిని, మీ ఈడువారిని, పెళ్లి కానివారిని వరుసగా వడకట్టి, చదువుకో ఉద్యోగానికో ఊరు విడిచి వెళ్లినవారిని తీసేసి, మిగిలినవారిలో ఫోనులో ఈ యాప్ పెట్టుకున్నవారు ఎందరో లెక్క కట్టి చూడండి. పది రోజులు పట్టడమే ఎక్కువ. మీలో లోపం వల్ల ఎవరూ కనబడటం లేదన్న అనుమానం ఉత్తరంలో రెండుచోట్ల తొంగిచూసింది గనుక ఈ లెక్క చెబుతున్నాను.

యాప్ చూపే దూరం పక్షి ఎగిరే దూరం. మీ ఊరి చుట్టూ 100 కిలోమీటర్ల వలయం గీస్తే ఒక పక్క ఒడిశా కొండలు, ఇంకో పక్క సముద్రం అందులోకి వచ్చి పడతాయి. కొండకు అవతల ఉన్న మనిషి ‘దగ్గర’ అవుతాడు గాని అతనిని కలవడానికి పూటంతా బస్సులో కూర్చోవాలి. అందుచేత మీరు వలయాన్ని నమ్ముకోకుండా రైలు మార్గాన్ని నమ్ముకోండి. పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం, విశాఖపట్నం ఒకే వరుసలో ఉన్నాయి. ఆ వరుసలో ఉన్నవారితో పరిచయం పెరిగితే రాకపోకలు సాగుతాయి. ప్రొఫైల్‌లో కూడా ఒక వాక్యం స్పష్టంగా రాయండి: నాన్నగారి ఆరోగ్యం కారణంగా నేను ఇప్పట్లో ఊరు విడిచి రాలేను అని. చాలామంది చిన్న ఊరివారు ఇది దాచి, ఉంటున్నది హైదరాబాద్ అని పెట్టుకుంటారు. ఆ అబద్ధం మూడో నెలలో బయటపడుతుంది, అప్పటికి అవతలి మనిషి మనసులో మీరు మాదాపూర్‌లో కాపురం ఉంటారు.

తెలిసినవారి కంట పడకుండా ఉండటానికి ఒక దారి ఉంది. టిండర్ వంటి కొన్ని యాప్‌లలో మీ ఫోనులోని నంబర్లను ఇచ్చి, ఆ నంబర్లతో చేరినవారికి మీరు కనిపించకుండా చేసుకోవచ్చు. అన్నయ్య స్నేహితులు, మేనమామ కొడుకులు, వీధిలోని కొట్లవాళ్లు, అందరి నంబర్లూ ఒక గంట కూర్చుని చేర్చండి. వేరే నంబరుతో చేరినవారిని ఇది ఆపలేదు. వాట్సాప్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టిన ఫోటోనే ఇక్కడా పెట్టవద్దు, ఎందుకంటే ఫోటోను బట్టి మనిషిని వెతికి పట్టుకోవడం ఇప్పుడు చిన్నపిల్లలకు కూడా వచ్చు. ఇంటి అరుగు, నాన్నగారి స్కూటరు నంబరు ప్లేటు వెనకాల కనిపించే ఫోటోలు కూడా పనికిరావు.

ఇక్కడిదాకా నేను చెప్పినది గోప్యత. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టినది వేరే, దాన్ని దాపరికం అంటాను. రెండు నెలలుగా ఒక మనిషితో మాట్లాడుతున్న సంగతి ఈ భూమ్మీద నాకు తప్ప ఎవరికీ తెలియదని రాశారు. ఊరంతటికీ తెలియనక్కర్లేదు. కాని ఒక్క మనిషికి కూడా తెలియకపోతే, రేపు ఏదైనా తేడా వచ్చినప్పుడు మీరు సాయం అడగడానికి ముందు కథంతా మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుంది, ఆ చెప్పుకోలేకపోవడమే మిమ్మల్ని ఇరికిస్తుంది. పెద్దలు కుదిర్చే సంబంధంలో మనకు నచ్చని విషయాలు ఎన్నో ఉన్నా, ఒక మంచి ఉండేది: అబ్బాయి ఊళ్లో ఎవరో ఒకరిని పట్టుకుని వాకబు చేసేవారు. మధ్యవర్తిని వదిలించుకున్నప్పుడు మనం ఆ వాకబును కూడా వదిలేసుకున్నాం. దాన్ని తిరిగి తెచ్చుకోండి. పోర్టులో ఏ విభాగం, ఏ హోదా అని సూటిగా అడగండి. విశాఖలో మీతో చదువుకున్న స్నేహితురాలు ఎవరైనా ఉంటే ఆమె ద్వారా కనుక్కోండి. సంబంధాలకు మీ అమ్మగారు అడిగే ప్రశ్నలే ఇవి, నిజమైన మనిషికి ఇందులో నొచ్చుకోవలసినది ఏమీ ఉండదు. ఇంతవరకు వీడియో కాల్‌లో ముఖం చూడకపోతే ఈ వారమే చూడండి.

రెండు నెలలు చూడకుండా మాట్లాడుకోవడం నా లెక్కలో ఎక్కువే. ఆ వ్యవధిలో ఎదుటి మనిషిని సగం మనమే తయారుచేసుకుంటాం, కలిసిన రోజున మనం తయారుచేసిన సగం కనిపించక చిన్నబుచ్చుకుంటాం. కాబట్టి కలవండి, కాని వైజాగ్‌లో కాదు. బొబ్బిలికి, విశాఖపట్నానికి ఇంచుమించు నడుమ విజయనగరం ఉంది. అతను రైల్లో 60 కిలోమీటర్లు రావాలి, మీరు 50 దాటి వెళ్లాలి. సగం దూరం రమ్మనండి. అందుకు అతను ఎలా స్పందిస్తాడన్నది రెండు నెలల మెసేజీల కన్నా ఎక్కువ చెబుతుంది. విజయనగరంలో మీకు చుట్టాలు ఉండే ఉంటారు, అది వేరే చిక్కు. అయినా స్టేషన్ దగ్గర నలుగురూ తిరిగే హోటల్లో పట్టపగలు టిఫిను తినే ఇద్దరి మీద పెద్దగా ఎవరి చూపూ నిలవదు. తిరుగు బండి ఎన్నింటికో ముందే చెప్పేసి, దానికే ఎక్కండి. అతని బండి మీద ఎక్కడికీ వెళ్లకండి. మీ ఫోను ఎక్కడుందో ఆ రోజంతా చెల్లికి కనిపించేలా లొకేషన్ పంపి ఉంచండి.

చెల్లి అన్నది పొరపాటున రాయలేదు. అమ్మకు చెప్పే ముందు ఆమెకు చెప్పండి. మీ వల్ల తన సంబంధాలు చెడిపోతాయేమోనన్న భయం మీ ఒక్కరిదేనో, ఆమెది కూడానో, ఆమెనే అడగకుండా మీరెలా తేలుస్తారు? అమ్మకు మాత్రం కలిసి వచ్చాక, రెండోసారి కలవాలని అనిపిస్తేనే, ‘విశాఖలో ఒక అబ్బాయి ఉన్నాడు, ఉద్యోగం ఇదీ, మనవాళ్లతో వాకబు చేయిద్దామా?’ అని మొదలుపెట్టండి. మాట యాప్ దగ్గర మొదలైతే తగవు యాప్ మీద నడుస్తుంది, అబ్బాయి దగ్గర మొదలైతే అబ్బాయి మీదే నడుస్తుంది.

ప్రశ్న: మేడమ్! నా వయసు 31. జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఆరేళ్లు దుబాయిలో ఏసీ మెకానిక్‌గా చేసి, నిరుడు వచ్చి ఇక్కడే పని చేసుకుంటున్నాను. నాకు సంబంధాలు రావడం లేదు. ఫ్రెండ్ చెబితే డేటింగ్ యాప్ పెట్టుకున్నాను. మూడు నెలల్లో ఇద్దరే మాట్లాడారు. రెండో అమ్మాయి మర్నాడే వాట్సాప్ నంబరు అడిగి, రాత్రి వీడియో కాల్ చేసింది. ఆమె చెప్పినట్టు చేశాను, రాయడానికి సిగ్గుగా ఉంది. పది నిమిషాల్లో ఆ వీడియో నాకే పంపి, నా ఫేస్‌బుక్‌లోని మా వదిన, మేనమామల పేర్లు కూడా పంపి డబ్బులడిగారు. రెండుసార్లుగా 18 వేలు పంపాను. ఇప్పుడు ఎవరో ఢిల్లీ పోలీసునని ఫోన్ చేసి, యూట్యూబ్‌లోంచి వీడియో తీయించాలంటే ఇంకో 30 వేలు కట్టాలంటున్నాడు. మా బాపుకు తెలిస్తే నేను బతకను.

జవాబు: ముందు ఒక మాట. మీరు బతకాలి. ఇది రోజూ ఎంతోమందికి జరుగుతున్న మోసం, దీనికి చావు వరకు వెళ్లే విలువ లేదు. ఆ ఆలోచన బలంగా వస్తూ ఉంటే మిగతా పనులన్నీ పక్కనపెట్టి, ఇప్పుడే మీ అన్న దగ్గరకో స్నేహితుడి దగ్గరకో వెళ్లి కూర్చోండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

ఇప్పుడు అసలు సంగతి. వీడియోలో కనిపించిన అమ్మాయి బహుశా ఆ సమయంలో అక్కడ లేనే లేదు. ముందుగా తీసిపెట్టిన వీడియోను ఒక ఫోనులో ఆడిస్తూ, మిమ్మల్ని ఇంకో ఫోనులో రికార్డు చేయడం ఈ ముఠాలకు అలవాటైన పని. తర్వాత ఫోన్ చేసిన ‘ఢిల్లీ పోలీసు’ కూడా ఆ ముఠాలోని మనిషే. ఏ పోలీసూ ఫోన్ చేసి వీడియో తీయించడానికి డబ్బు కట్టమనడు. 18 వేలు ఇచ్చిన తర్వాత 30 వేలు అడిగారు చూశారా, ఇచ్చేవాడని తేలిన మనిషిని వాళ్లు వదలరు. ఇవ్వనివాడి మీద కాసేపు అరిచి, చాలాసార్లు ఇంకొకడిని వెతుక్కుంటారు. ఇక ఒక్క రూపాయి కూడా పంపకండి.

చాట్‌లను మాత్రం తుడిచేయకండి. సిగ్గుతో అందరూ మొదట చేసే పని అదే, దానివల్ల సాక్ష్యం పోతుంది. వాళ్ల నంబర్లు, మెసేజీలు, మీరు డబ్బు పంపిన యూపీఐ లావాదేవీ నంబర్లు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాకే నంబర్లను బ్లాక్ చేయండి, ఫేస్‌బుక్‌లో స్నేహితుల జాబితా ఎవరికీ కనిపించకుండా మార్చండి. తర్వాత 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాల్లో పోయిన డబ్బును దారిలో ఆపడానికి ఉన్న జాతీయ నంబరు అది. మొదటి గంటల్లో చేసి ఉంటే ఫలితం ఎక్కువగా ఉండేది. ఇప్పుడు డబ్బు తిరిగి వస్తుందని నేను ఆశ పెట్టలేను గాని ఫిర్యాదు మాత్రం నమోదు కావాలి. ఊరి స్టేషన్‌లో కానిస్టేబుల్ మీకు వరసకు బావ అవుతాడని రాశారు కదా, ఆ ఇబ్బంది లేకుండా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చుని ఫిర్యాదు చేయవచ్చు.

వాళ్లు భయపెట్టడానికి పంపిన ఆ వీడియో ముక్క మీ ఫోనులో ఉంటే దాన్ని కూడా ఉంచండి. స్టాప్ ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ 2021 నుంచి ఉంది. అందులో వీడియోను ఎవరికీ పంపనక్కర్లేదు. మీ ఫోనులోనే ఆ వీడియోకు వేలిముద్ర లాంటి ఒక సంకేతం తయారై, ఆ సంకేతం ఒక్కటే ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి సంస్థలకు చేరుతుంది. ఎవరైనా అదే వీడియోను అక్కడ పెడితే గుర్తుపట్టి ఆపడానికి అది పనికొస్తుంది. వాట్సాప్‌లో మనిషి నుంచి మనిషికి పంపితే మాత్రం అది ఆపలేదు. చట్టం సంగతికి వస్తే, బెదిరించి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. ఒకరి నగ్న దృశ్యాన్ని అనుమతి లేకుండా తీయడం, పంపడం ఐటీ చట్టం 66ఈ కింద మరో నేరం. అంటే ఈ కథలో నేరం చేసినవారు వాళ్లు. మీరు చేసినది తెలివితక్కువ పని, ఆ తేడా గుర్తుంచుకోండి.

మీరు పంపిన 18 వేలు దేనికి కట్టారో ఒకసారి ఆలోచించండి. వీడియో వాళ్ల దగ్గరే ఉంది. మీరు కొన్నది మీ వదినకు తెలియకపోవడాన్ని. ఆ సరుకును వాళ్లు వారానికోసారి మీకే మళ్లీ అమ్ముతారు. కాబట్టి వాళ్లు చెప్పకముందే మీ అన్నకు మీరే చెప్పండి. ‘నన్ను మోసం చేసి వీడియో తీశారు, ఏదైనా వస్తే తెరవకండి, ఫిర్యాదు పెట్టాను’ అన్న మూడు ముక్కలు చాలు, వివరాలు అక్కర్లేదు. బాపుకు ఎప్పుడు, ఎంత చెప్పాలన్నది అన్నదమ్ములిద్దరూ కలిసి నిర్ణయించుకోండి. ఆయన తిడతారు. ఆరేళ్లు ఎడారిలో పనిచేసి ఇల్లు నిలబెట్టిన కొడుకును తిట్టి ఊరుకుంటారే గాని వదిలేసుకోరు.

సంబంధాల మాట. డేటింగ్ యాప్‌లలో మన దేశంలో మగవారే చాలా ఎక్కువ, మీ చుట్టుపక్కల మండలాల్లో ఇంకా ఎక్కువ. అందుకే నెలల తరబడి ఎవరూ పలకకపోవడం మామూలే, పలికిన మనిషి మర్నాడే వీడియో కాల్‌కు రమ్మంటే అనుమానించవలసినదీ అందుకే. నిజం చెప్పాలంటే మీకు ఈ యాప్ సరైన దారి అని నాకు అనిపించడం లేదు. మీది పెళ్లి ఉద్దేశం గనుక మాట్రిమోనీ సైట్లోనో, చుట్టాల ద్వారానో వెతకండి. దుబాయి పని, ఇక్కడి ఆదాయం ఉన్నదున్నట్టు రాయండి. అయితే ఈ గొడవ సర్దుకునే దాకా మూడు నెలలు ఆగండి.

ప్రశ్న: అమ్మా! మాది నరసాపురం. మా అమ్మాయి ప్రైవేటు స్కూల్లో టీచరు. ఫోనులో యాప్ ద్వారా సఖినేటిపల్లి అబ్బాయి పరిచయమయ్యాడట, ఏడాదయింది. నాలుగు కిలోమీటర్ల దూరమని యాప్ చూపించిందట. మతాలు వేరు. మతం మారకుండా రిజిస్టరు పెళ్లి చేసుకుంటామంటున్నారు. అలా కుదురుతుందా? మావారు మాట్లాడటం మానేశారు. నేనేం చేయాలి?

జవాబు: కుదురుతుందమ్మా. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఇందుకోసమే ఉంది, ఎవరూ మతం మారనక్కర్లేదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండి ఉండాలి. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివాసం ఉన్న జిల్లాలోని వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును ఆయన ఆఫీసులో అందరికీ కనిపించేలా అంటిస్తారు. 30 రోజుల్లో చట్టం ఒప్పుకునే అభ్యంతరం ఏదీ రాకపోతే, ముగ్గురు సాక్షుల ఎదుట పెళ్లి జరుగుతుంది. ముందటి భార్యో భర్తో బతికి ఉండటం, వయసు చాలకపోవడం, నిషిద్ధ బంధుత్వం వంటివే అభ్యంతరానికి ఆధారాలు. మీవారి అయిష్టం గాని, ఊరి అయిష్టం గాని అందులోకి రావు.

ఒక్క సంగతి ముందే తెలుసుకోండి. మీది పశ్చిమ గోదావరి జిల్లా, 2022 నుంచి వాళ్లది కోనసీమ జిల్లా. ఒకరి స్థిర నివాసం వేరే జిల్లాలో ఉంటే నోటీసు నకలు అక్కడి అధికారికి కూడా పంపి, ఆ ఆఫీసులోనూ అంటించాలని చట్టం చెబుతోంది. అంటే గోదావరికి ఇటు ఒక కాగితం, అటు ఒక కాగితం నెల రోజులు గోడ మీద ఉంటాయి. మీవారికి ఆ గోడ మీద చూసినవారెవరో చెప్పే దానికన్నా, దానికి ముందే మీ నోట వినడం నయం. వాళ్ల ఇంటికి కూడా ఇది వర్తిస్తుంది. అవతలి తల్లికి తెలుసో లేదో మీ అమ్మాయిని అడగండి.

ఏడాది పరిచయం అన్నారు గాని ఆ అబ్బాయిని మీరు చూసినట్టు రాయలేదు. పిల్లలు మీకు చెప్పి అడుగుతున్నారంటే మీ మాటకు ఇంకా విలువ ఇస్తున్నారన్నమాట. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రమ్మనండి. మీవారు గదిలోంచి బయటికి రాకపోయినా ఫరవాలేదు, గొంతు వినపడుతుంది. ఉద్యోగం, అప్పులు, పెళ్లయ్యాక ఏ గట్టున కాపురం, పిల్లల పెంపకం, అన్నీ తిన్నాక మీరే అడగండి. యాప్‌లో నాలుగు కిలోమీటర్లే గాని గోదావరి రేవు దాటించే పంటు (పడవ) దొరక్కపోతే అతను చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి. ఆఖరి పంటు ఎన్నింటికో కనుక్కుని ఉంచండి.